స్పీకర్ల షాపులో అమ్మ, బాపు ముచ్చట

మా చిన్న కారు స్పీకర్లు పాడైపోయి పాటకన్నా గరగర ఎక్కువైంది. కొత్తవి వేయిద్దామని ఈ రోజు అమ్మనూ బాపునూ ఎక్కించుకుని తంగళ్ళపల్లి నుంచి సిరిసిల్ల వెళ్లాను. ఇద్దరూ ఏళ్లుగా సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే, పనిచేస్తున్నారు.

షాపాయన చిన్నవీ పెద్దవీ చూపించాడు. పెద్దవాటిలో పాట పెట్టగానే షాపు దద్దరిల్లింది. నా మనసు వాటి మీదే పడింది. ధర ఎంతని నేను అరుస్తున్నా ఆయనకు వినబడదు, ఆయన చెప్పేది నాకు వినబడదు. షాపు ముందు ఆపిన కారు వెనక సీట్లోంచి అమ్మ పెదాలు కదిపి, చేయి ఊపింది. కౌంటర్ దగ్గరున్న బాపు తల ఊపాడు.

పాట ఆగగానే బాపు అన్నాడు: "ఇవి వద్దు. గా చిన్నయే బిగియ్యున్రి."

"ఎవర్నడిగి చెప్తున్నవే బాపు?"

"మీ అమ్మనే. పొద్దంత సాంచాల సప్పుడే, కారుల గూడ గదేనా అంటుంది."

"ఎప్పుడు మాట్లాడుకున్నరు?"

"గింతసేపు మాట్లాడుకున్నం గదరా, నీకు ఇనవడలేదా?" అంది అమ్మ.

సాంచాల షెడ్డులో గొంతు పనిచేయదు. వీళ్లు సగం కాపురం పెదాలతో, చేతులతోనే చేశారు.

చిన్నవే వేయించాను. తిరిగొస్తుంటే అద్దంలో చూశాను. అమ్మ నా వైపు చూపించి, చెవి పట్టుకుని, రెండు వేళ్లు ఆడించింది. బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏంటని అడిగితే ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూశారు.

సాంచాల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ రెండు వేళ్లకు అర్థమేంటో కింద రాయండి. మంచిదైతేనే రాయండి.