వదినా, నాకిచ్చెయ్

మా వార్డు ఆయాని అందరం అక్కా అనే పిలుస్తాం. కడుపు వద్దనుకుని వచ్చిన ఆడవాళ్ళను థియేటర్లోకి నడిపించడం, మత్తు దిగేదాకా పక్కన కూర్చోవడం ఆమె పని. గేటు బయట అట్టలు పట్టుకుని "హంతకులు" అని అరిచేవాళ్ళను చూస్తే నర్సునైన నాకు ఒళ్ళు మండిపోతుంది. అక్కకు మండదు. "వాళ్ళకీ ఏదో బాధ ఉంటుందిలే" అంటూ దుప్పట్లు మడతపెట్టుకుంటుంది.

అలాంటి మనిషికి నలభై దాటాక నెల తప్పింది. పెద్దపిల్ల కాలేజీలో ఉంది, చిన్నవాడు బడిలో. పొద్దున మంచం దిగాలంటేనే నడుము పట్టేస్తుంది. "నావల్ల కాదమ్మా, ఓపిక లేదు" అంది నాతో. చట్టం ఒప్పుకుంటుంది, మొగుడి సంతకం కూడా అక్కర్లేదు. ఇంట్లో ఆడపడుచు లేకపోతే అంతటితో అయిపోయేదే.

ఆమె కుట్టుమిషను పెట్టుకుని అన్న పంచనే ఉంటోంది. ఎన్నిసార్లు నెల తప్పినా కడుపు నిలవలేదు, తర్వాత మొగుడూ పోయాడు. వదిన వాంతులు చూసి ఇట్టే కనిపెట్టేసింది.

"మోసి కను చాలు వదినా, నాకిచ్చెయ్. రాత్రంతా నేనే మేలుకుంటా. నువ్వు చిటికెన వేలు కూడా కదపక్కర్లేదు."

అక్క వంటింట్లో గోడకానుకుని కూర్చుని అడిగిందట.

"ఒకే ఇంట్లో వాడు నిన్ను అమ్మా అని, నన్ను అత్తా అని పిలుస్తుంటే వింటూ బతకమంటావా?"

"అదీ ప్రాణమే కదా!"

"కాదన్నానా? మోసేది నేను కదే!"

అక్క మొగుడు చొక్కా తగిలించుకుని, "మీరూ మీరూ చూసుకోండి" అని బయటపడ్డాడు. మహానుభావుడు! ఈ చట్టం గురించి టీవీలో గొంతులు చించుకునే పెద్దమనుషులు ఒక్క పూట ఆ వంటింట్లో కూర్చుంటే తెలిసేది. ఎవరిది న్యాయమో నాకైతే తేలలేదు. ఇద్దర్నీ తలచుకుంటే ఏడుపొచ్చింది.

వారం రోజులు ఇంట్లో ఇద్దరూ ఎవరి అన్నం వాళ్ళే వడ్డించుకున్నారు. చివరికి అక్క మా వార్డుకే వచ్చి మంచమెక్కింది.

"ఎవరైనా బలవంతపెడుతున్నారా?" అని డాక్టరమ్మ ఎప్పటిలాగే అడిగింది.

"పెడుతున్నారండీ, మానుకోమని" అంది అక్క. ఎవరమూ నవ్వలేదు.

అంతా అయ్యాక, సాయంత్రం నేనే అక్కను ఇంట్లో దిగబెట్టాను. ఆడపడుచు తలుపు తీసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. గుమ్మంలోంచే పొమ్మంటుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం వదిన రెక్క పట్టుకుని లోపలికి నడిపించి, మంచం మీద కూర్చోబెట్టి, అన్నం కలిపి తెచ్చింది.

"కోపం పోయిందా అమ్మాయ్?" అక్క అడిగింది.

"పోలేదు. పోదు కూడా. నోరు తెరు."

అక్క నోరు తెరిచింది. ఆడపడుచు ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంటూనే, ముద్ద ముద్దకీ ఆగి వదిన మింగిందో లేదో చూస్తూ, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తినిపించింది.