మా పెనం మీద కాలిన క్రిస్మస్ దుంగ

“ఇవ్వనంటే ఇవ్వను. ధనుర్మాసంలో నా పెనం మీద గుడ్లా? ఇంకేమైనా ఉందా!”

“ఒక్క పూటకి అవ్వా. మా ఇంట్లోవన్నీ చిన్న గిన్నెలే. నీ పెనం అంత వెడల్పుది ఈ కాంపులో ఇంకోటి లేదు.”

“లేదని నాకూ తెలుసు. అందుకే ఇవ్వను.”

“మా అమ్మ అడిగితే ఇచ్చేదానివి.”

“మీ అమ్మా? మీ అమ్మ కోళ్ళు నా కొత్తిమీర మళ్ళు పెళ్ళగిస్తుంటే ఏనాడైనా వాటిని కట్టేసిందా? ఇప్పుడు దాని కూతురికి పెనం కావాలట, పెనం! పో, పొద్దెక్కుతోంది. పని చూసుకో.”

నా చిన్నప్పుడు, క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే మా గుమ్మం దగ్గర జరిగిన తగువు ఇది. గుమ్మానికి లోపల మా అవ్వ, మా నాన్నని కన్న తల్లి. బయట పక్కింటి అక్క. మధ్యలో నేను, చేటలో మినపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతూ. అక్క వాళ్ళు క్రెయోలు వాళ్ళు, మాకంటే ముందు నుంచీ ఈ దీవిలో ఉన్నవాళ్ళు, చర్చికి వెళ్ళేవాళ్ళు. ఇళ్ళ మధ్య మాటలన్నీ వాళ్ళ క్రెయోలు భాషలోనే సాగేవి. మా అవ్వకి కోపం ముదిరితే మాత్రం తెలుగు వచ్చేది. అక్క పుట్టిన దగ్గర్నుంచి మా గోడ పక్కనే పెరిగింది కాబట్టి ఆ తెలుగు తిట్లు కూడా దానికి బాగానే తెలుసు. ఆ రోజు తిట్లు తిని వెళ్ళిపోయింది.

మా కాంపు, అంటే చెరుకు కూలీల వాడ, సాంత్ర్ ద ఫ్లాక్ ఊరికి ఎడ్లబండి మీద ఒక పూట దూరం. చుట్టూ చెరుకు తోటలు, మధ్యలో రెండు వరసల గడ్డి ఇళ్ళు. అక్క వాళ్ళ అమ్మ దొరగారి బంగళాలో వంటమనిషి. ఏటా క్రిస్మస్‌కి అక్కడ చాక్లెట్ కేకు చేసేది. పల్చగా కాల్చి, లోపల చాక్లెట్ ముద్ద పూసి, చాపలా చుట్టి, పైన చెట్టు బెరడులా గీతలు గీస్తారు. చూస్తే అచ్చం పొయ్యిలో పెట్టే దుంగే. పేరు కూడా అదే, బుష్, అంటే వాళ్ళ భాషలో కట్టె దుంగ. దొరసాని అనుమతితో ఆ పొయ్యిలోనే చిన్నది ఇంకోటి కాల్చుకుని, గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చేది. ఆ ముక్కల కోసం కాంపులో పిల్లలం అందరం వాళ్ళ గుమ్మం ముందు కాపు కాసేవాళ్ళం. మాకు నీచు లేని నెల కాబట్టి నాకు వాసన ఒక్కటే దక్కేది.

ఆ ఏడు వానల్లో జ్వరం వచ్చి ఆవిడ పోయింది. బండి తోలే భర్త, అక్క, అక్క కంటే బాగా చిన్నవాళ్ళైన ఇద్దరు చెల్లెళ్ళు మిగిలారు. ఆ మనిషి పెళ్ళాం పోయాక ఇంట్లో పెద్దగా మాట్లాడటం మానేశాడు. ఈసారి మనకి పండగ లేదు అని ఒక్కమాట అన్నాడట. ఆ మాట అక్క మనసులో ములుకులా దిగింది. అమ్మ పెంచిన కోళ్ళ గుడ్లు ఒక్కొక్కటే దాచింది. చీనావాడి కొట్లో కోకో డబ్బా, తెల్ల పంచదార తెచ్చింది. నాన్న సాయంత్రం పశువుల కొట్టం నుంచి వచ్చేసరికి బల్ల మీద దుంగ ఉండాలి, ఏటా ఉన్నట్టే. అదీ అక్క పట్టుదల. అమ్మ చెయ్యడం మాత్రం అది ఎప్పుడూ చూడలేదు. బంగళా వంటింట్లో చేసి తెచ్చేది కదా, ఇంటికి వచ్చాకే చూసేవాళ్ళు.

ఇక మా పెనం సంగతి. అది మా అవ్వ అత్తగారు ఈ దీవికి కూలికి వస్తూ ఓడలో తెచ్చుకున్నది. చుట్టూ వేలెడు అంచు, రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. ఎన్నేళ్ళుగానో నూనె పట్టి, నల్లగా, నున్నగా, మొహం చూసుకునేటట్టు ఉండేది. దాని మీద అట్టు పోస్తే అట్లకాడ తగలకముందే అంచు తనంతట తాను లేచేది. మా అవ్వ దాన్ని ఎవ్వరికీ ఇచ్చేది కాదు. సొంత కూతురు అడిగినా ఇవ్వలేదు. ఇచ్చిన వస్తువు వస్తుంది, దాని గుణం రాదు అనేది.

మధ్యాహ్నం దాటాక పక్కింట్లోంచి పొగ వచ్చింది. మామూలు పొగ కాదు, కిరసనాయిలు కంపు. మా అవ్వ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళింది, వెనకే నేను. అక్క కిరసనాయిలు డబ్బా ఒకటి చీల్చి, సాపు చేసి, దాని మీద పిండి పోసి కాల్చింది. మధ్యలో బొగ్గు, అంచుల్లో పచ్చి. అక్క నేల మీద కూర్చుని దాన్నే చూస్తోంది, ఏడవట్లేదు. చిన్న చెల్లెలు గిన్నెలో మిగిలిన గుడ్లు ఒళ్ళో పెట్టుకుని, కదిలితే పగిలిపోతాయన్నట్టు బిగదీసుకుని కూర్చుంది. ఇంకొక్కసారికి సరిపడా ఉన్నాయంతే.

మా అవ్వ ఆ గిన్నె వంక చూసింది. గట్టిగా కేకలేసింది.

“ఆ గుడ్లు దేని మీద పుట్టాయనుకున్నావే? నా కొత్తిమీర మేసి మీ కోళ్ళు పెట్టినవి! సగం నా సొత్తు. సగం ఇప్పటికే బుగ్గిపాలు చేశావు. మిగతావీ చేస్తావా? నేను చూస్తూ ఊరుకుంటానా?”

అక్క తల ఎత్తింది. అప్పటికే మా అవ్వ వెనక్కి తిరిగి మా ఇంటి వైపు నడుస్తోంది. వచ్చేటప్పుడు ఆవిడ నెత్తి మీద పెనం ఉంది.

మాడిన కేకుని ముక్కలు చేయించి కోళ్ళకి వేయించింది. గుడ్డు మళ్ళీ కోడి దగ్గరికే పోతుందిలే అంది. అక్క గుడ్లు, పంచదార ముళ్ళగరిటెతో గిలకొడుతుంటే చెయ్యి నొప్పి పుట్టి, కవ్వం కూడా ఇస్తావా అవ్వా అంది. అవ్వ కస్సుమంది. “ఇనుముకి నిప్పే స్నానం. కాల్చి శుద్ధి చేసుకుంటాను. కట్టె కవ్వాన్ని కాలిస్తే నాకు మిగిలేది బూడిదే. చేతుల్లేవా నీకు?” అక్క నవ్వింది. ఆ రోజు మొదటిసారి నవ్వింది. గిన్నె చేతులు మార్చుకుంటూ నురగ వచ్చేదాకా గిలక్కొట్టాం, నాకు మాత్రం గుడ్డు తగలకుండా గిన్నె అడుగు పట్టుకునే పని.

మా అవ్వ గుడ్డుని తాకలేదు. పొయ్యికి మూరెడు దూరంలో పీట వేసుకుని కూర్చుని, అట్లకాడ చూపిస్తూ ఒక్కొక్కటీ చెప్పింది. కింద మంట వద్దు, నిప్పులు చాలు. పైన రేకు మూసి, దాని మీదా నిప్పులు వెయ్యి. కోకో కలిపిన పిండి పల్చగా పరుచు, మా అట్టంత పల్చన కాదు, దానికి రెండింతల మందం. మూత తీసినప్పుడు పెనం నిండా గోధుమరంగు కేకు పొంగి ఉంది. ఎక్కడా మాడలేదు. అంచు తనంతట తాను లేచింది. అక్క దాన్ని తడిగుడ్డ మీదకి తిరగేసి, చల్లారనిద్దాం అని చేతులు తుడుచుకుంది.

“చల్లారితే చుట్టుకుంటుందా? అట్టు చూడలేదా నువ్వు? వేడి మీదే మడత. ఊఁ, చుట్టు!”

“చెయ్యి కాలుతోంది అవ్వా!”

“కాలనీ. గుడ్డతో కలిపి చుట్టు, చాప చుట్టినట్టు. అదీ! నీ పెళ్ళికి పనికొస్తుంది.”

గుడ్డతోనే చుట్టి పక్కన పెట్టారు. ఈలోపు అక్క పాలల్లో కోకో, పంచదార, ఆరారూట్ పిండి కలిపి చిక్కగా ఉడికించింది. మా దీవిలో డిసెంబరంటే నడివేసవి, ఆ ఎండకి వెన్న నిలవదు, బంగళాలో అయితే ఐసు తెప్పిస్తారట. ఆ ముద్ద గిన్నెని నూతి నీళ్ళల్లో పెట్టి చల్లార్చారు. చుట్టిన కేకు మళ్ళీ మెల్లగా విప్పి, లోపల పూసి, ఈసారి గుడ్డ లేకుండా చుట్టారు. ఒకచోట పగిలింది. అక్క మొహం మాడిపోయింది. “దుంగకి పగుళ్ళు ఉండవా? మా పొయ్యి దగ్గరికి వచ్చి చూడు” అంది మా అవ్వ. పెనం గుండ్రన కాబట్టి చుట్టకి రెండు కొసలూ సన్నగా వచ్చాయి. వాటిని ఏటవాలుగా కోసి, కొమ్మ నరికిన మోడుల్లా పైన అతికించమని కూడా ఆవిడే చెప్పింది. కోసింది పారేయడం ఆవిడ వల్ల కాదు. నా వల్లా కాదు.

ముళ్ళగరిటెతో బెరడు గీతలు గీశారు. చెల్లెళ్ళు లీచీ పళ్ళ చెట్టు ఆకులు కోసుకొచ్చి చుట్టూ పేర్చారు. ఆఖరికి అక్క రోట్లో మెత్తగా నూరిన పంచదార తీసుకుని పైన చల్లబోయింది. ఏమిటది, కట్టె మీద ఉప్పు చల్లుతారా మీ దేవుడికి అని మా అవ్వ అడిగింది. మంచు అవ్వా, ఫ్రాన్సులో పడుతుందట అని అక్క చెప్పింది. నువ్వు చూశావా? లేదు. మీ అమ్మ? లేదు. మరి చూడనిదానికి ఇంత పంచదార ఎందుకే, కొంచెం చల్లు చాలు అని, ముగ్గు ఎలా వదలాలో బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో చూపించింది. అక్క అలాగే వదిలింది. మంచు ఎలా ఉంటుందో నేను ఇప్పటికీ చూడలేదు. నా మటుకు నాకు అది ముగ్గుపిండిలాగే సన్నగా, గీత తప్పకుండా పడుతుందనిపిస్తుంది.

బండి పశువుల కొట్టం వైపు తిరిగిన చప్పుడు వినపడేసరికి మా అవ్వ పెనం ఎత్తుకుని బయటికి వచ్చేసింది. మా గోడ పక్కనుంచి నేను చూశాను. అక్క వాళ్ళ నాన్న టోపీ తీసి మేకుకి తగిలించబోయి, బల్ల మీద దుంగ చూసి, టోపీ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. చెల్లెళ్ళు గోడకి అంటుకుపోయారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఊరికే చూస్తూ కూర్చుంటామా? దీపం వెలిగించండి” అన్నాడు.

మా పెరట్లో మా అవ్వ ఎండు చెరుకాకు, పిడకలు పేర్చి, మధ్యలో పెనం పెట్టి నిప్పంటించింది. మా నాన్న తోట నుంచి వస్తూనే చూసి గాభరా పడ్డాడు. అమ్మా, అంత ఎర్రగా కాలిస్తే దాని పదును పోతుంది, మళ్ళీ అట్టు లేవడానికి ఎన్ని నెలలు పడుతుందో అన్నాడు. నాకు తెలీదా అంది ఆవిడ. కాలిన పెనాన్ని చింతపండూ బూడిదా వేసి, మోచేతుల దాకా మసి అయ్యేలా తోమింది. బోర్లించినప్పుడు చూశాను. ఆ నలుపు లేదు, ఆ నునుపు లేదు. రాయి రంగులో, గరుగ్గా, ఎవరిదో కొత్త పెనంలా ఉంది.

నేను బడికి వెళ్ళింది బహు తక్కువ. నాకు తెలిసినవన్నీ ఇలాంటి పెరళ్ళలో తెలిసినవే. మా ఇంట్లో పిండిగిన్నె గీకనివాళ్ళకి రెండో అట్టు ఉండదని నా కోడళ్ళు నన్ను పిసినారి అంటారు. అననీ. ఏదైనా ఇచ్చేముందు, ఇందులో నాదేం పోతుంది అని నేను గట్టిగా చూసుకుంటాను. చూసుకుని ఇస్తాను. ఇచ్చాక మాత్రం, పోయిందేమిటో పుచ్చుకున్నవాళ్ళ చెవిన పడనివ్వను. అది నా సొంత తెలివి కాదు. ఆ మర్నాటి పొద్దున్న దగ్గర నేర్చుకున్నది.

ఆ మర్నాడు క్రిస్మస్. పొద్దున్నే చర్చి గంట వినిపిస్తుంటే మా అవ్వ పొయ్యి రాజేసి పెనం పెట్టింది. రాత్రి రుబ్బిన పిండి ఆ ఉక్కకి పులిసి, గిన్నె దాటి పొంగి, గచ్చు మీదకి కారింది. కారిన పిండిని నేను వేలితో ఎత్తి గిన్నెలో వేశాను. మొదటి అట్టు పోసింది. లేవలేదు. అట్లకాడతో గోకితే పీలికలుగా వచ్చింది. ఆ పీలికలే మా కంచాల్లో వేసి, తనూ తింటోంది. అప్పుడు అక్క కొత్త గౌను వేసుకుని, నూతి దగ్గర కోసిన అరిటాకు ముక్కలో లీచీ పళ్ళు పెట్టుకుని వచ్చింది. మాకు నీచు లేని నెలని దానికి గుర్తుంది, కేకు తేలేదు. కంచాలు చూసి ఆగిపోయింది.

“ఏమైంది అవ్వా, అట్లు ఇలా వచ్చాయి? పెనానికి ఏమైనా అయిందా?”

“పెనానికేం? పిండి పులవలేదు” అంది మా అవ్వ, తల ఎత్తకుండా.

నా వేలికి ఇంకా ఆ పుల్లటి పిండి అంటుకునే ఉంది. ఆ వేలిని గుప్పిట్లో దాచుకున్నాను. అక్క పళ్ళు గుమ్మంలో పెట్టి, చెల్లెళ్ళని పిలుచుకుని చర్చికి వెళ్ళింది. మా అవ్వ వంకాయ తొడిమ నూనెలో ముంచి పెనం అంతా రుద్ది, ఇంకో అట్టు పోసింది.

అదీ అంటుకుంది.