కడిగిన తరవాణి కుండ

అత్తగారింట్లో నన్ను మొదట పలకరించింది కంపు. అరవైల మొదట్లో పెళ్ళై, బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి మైపాడు వచ్చిన రోజే వంటింటి మూల నుంచి పుల్లటి వాసన కొట్టింది. అది తరవాణి కుండ. రోజూ వార్చిన గంజి అందులో పోస్తారు, పులిసిన తేట పొద్దున్నే తోడుకుని తాగుతారు. పైన తెల్లటి తెట్టు, అంచున నురగ. చేపల బుట్ట దించిన చేతినే అత్త అందులో ముంచేది. మామ గటగటా తాగుతుంటే మీసాల మీదుగా కారేది. నేను ముఖం తిప్పుకునేదాన్ని.

మామకు పడవ లాగుతూ నడుము విరిగింది. మంచం మీది మనిషికి విరేచనం కావడమే పెద్ద గండం. ఆ తరవాణి తాగితేనే కడుపు కదిలేది. అది తెలిసీ, అత్త చేపలు అమ్మడానికి పోయిన పూట నేను కుండ కుమ్మరించి, బూడిదతో తోమి, మరిగే నీళ్ళు పోసి ఎండలో బోర్లించాను. శుభ్రమైన కుండలో కొత్త గంజి మాత్రం పులవదా అనుకున్నాను.

పులవలేదు, కుళ్ళింది. జిగురుగా తీగలు సాగింది.

"కుండ కడిగినావా?" అంది అత్త. "అడుగున పాతది కొంచెం ఉంచి పోస్తేనే కొత్తది పులుస్తాది. మా అమ్మ ఇచ్చిన పులుపు అది. చంపేసినావు."

మామకు నాలుగు రోజులు కడుపు బిగుసుకుపోయింది. ఆముదం తాగిస్తే మెలిపెట్టే నొప్పి తప్ప ఏమీ లేదు. ఐదో రోజు అత్త, లోపలికి పెట్టి విరేచనం చేయించడానికి, సబ్బు ముక్క చేత్తో పట్టుకుని మంచం దగ్గర కూర్చుంది.

"కోడల్ని బయటికి పొమ్మను," అన్నాడాయన, గోడవైపు తిరిగి ఏడుస్తూ.

సబ్బుతో ఆ పూటకు గండం గడిచింది గానీ, వాకిట్లో నిలబడితే నా మీద నాకే రోత పుట్టింది. చెంబు తీసుకుని పక్కింటికి పోయి తరవాణి అడిగి తెచ్చి, కుండలో పోసి గంజి కలిపాను. మూడోనాటికి మళ్ళీ అదే కంపు. సంతోషం వేసిందని అబద్ధం చెప్పను, డోకే వచ్చింది. ముక్కు మూసుకుని మామకు నేనే తోడి ఇచ్చాను.

రెండు రోజులకు ఆయన కడుపు తేలికపడింది.

"పులుపు బాగా కుదిరింది, నువ్వేనా పోసింది?" అని అత్తనడిగాడు.

"నేను కాదు, కోడలు," అంది అత్త. నేను కుండ కడిగిన సంగతి ఆయన పోయేదాకా ఆయన దగ్గర ఎత్తలేదు.