నల్లా జ్వరం

మొన్న మునిసిపాలిటీ తరఫున దోమల మందు కొట్టడానికి వచ్చిన అమ్మాయి మా బాల్కనీలోని డ్రమ్ము మూత ఎత్తి, లోపలికి టార్చి వేసి చూసి, "ఇది కడగక ఎన్ని దినాలైందమ్మా?" అని గద్దించినట్టే అడిగింది. నాకు కోపం రాలేదు సరికదా, ఆ పిల్లను కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇవ్వాలనిపించింది. ఆ మాట అప్పట్లో ఎవరైనా వచ్చి అడిగి ఉంటే ఎంత బాగుండేది.

తెలంగాణ ఇంకా రాని రోజులు. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి నాచారంలో చిన్న వాటాలో అద్దెకు దిగాం. నీళ్ల అగచాట్లు మన ఈడువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. రోజు విడిచి రోజు, అదీ పొద్దు పొడవకముందే, నల్లా వచ్చేది. కుళాయి అన్న మా మాటకు అక్కడ చెల్లుబాటు లేదు. వచ్చిందంటే వాకిలంతా బిందెలు, బకెట్లు, కేకలు. ఉన్న నీళ్లు పారబోయడానికి ప్రాణం ఒప్పక, అడుగున మిగిలిన వాటి మీదే కొత్త నీళ్లు నింపుకుంటూ పోయేవాళ్లం.

పక్క వాటాలో ఉండే అక్కది జనగామ వైపు. వాళ్లాయనకు ఫ్యాక్టరీలో పని. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆమె నీళ్లోసుకుందని తెలిసి వాడకట్టంతా సంబరపడ్డాం. ఆ వానాకాలంలోనే ఆమెకు జ్వరం పట్టుకుంది. ముందు పళ్లు టకటకలాడే చలి, ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, తర్వాత ఒళ్లు కాలిపోవడం, ఆపైన చీర తడిసేంత చెమట. మర్నాడు ఏమీ జరగనట్టే లేచి వంట చేసుకునేది. నల్లా వచ్చిన రోజున మళ్లీ జ్వరం. దాంతో, వట్టి మనిషి కూడా కాదు, నీళ్ల దగ్గర తడిసి తెచ్చుకుంటోందని అందరం తేల్చేశాం. నల్లా జ్వరమని దానికి పేరు పెట్టి నవ్వుకున్నాం కూడా. ఆమే అందరికంటే ముందు నవ్వేది. వాళ్లాయన ఆమెను బిందె ముట్టనివ్వకుండా తానే పట్టడం మొదలుపెట్టినా అది తగ్గలేదు.

ఇంతలో ఉప్పల్ వైపు ఎక్కడో పెద్ద పైపు పగిలి నీళ్లు ఆగిపోయాయి. నల్లా రావలసిన ఆ పొద్దున అక్క ఒంటి మీద నీటి చుక్క పడకుండా గడపలో కూర్చుని గజగజ వణుకుతూ, "ఇయాల నల్లా రాలే గద చెల్లె, మరి గీ సలెందుకొచ్చింది?" అని నా మొహంలోకి చూసింది. ఆ పూటే వాళ్లాయనా నేనూ ఆమెను ఆటో ఎక్కించాం.

దవాఖానాలో రక్తం పరీక్ష చేసి మలేరియా అన్నారు. తడవడానికీ దానికీ సంబంధం లేదని, రోగిని కుట్టిన దోమే మరొకరిని కుట్టి అంటిస్తుందని, ఆ దోమ మనం మూత లేకుండా నిలవబెట్టుకునే మంచి నీళ్లలోనే పుడుతుందని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. అప్పటికే అక్క ఒంట్లో రక్తం లేక తెల్లగా పాలిపోయింది. మాత్రలు వేసి, రక్తం ఎక్కించి ఆమెను బతికించారు. కడుపులో బిడ్డ మాత్రం దక్కలేదు.

ఇంటికి వచ్చాక కొన్నాళ్లకు ఆమె ట్రంకుపెట్టె తెరిచి, పుట్టబోయే బిడ్డ కోసం ఉతికి మడతపెట్టుకున్న మెత్తని పాత చీర ముక్కలు బయటికి తీసింది. ఒక్కొక్కటే డ్రమ్ముల మూతులకు బిగించి కట్టింది. మిగిలినవి తెచ్చి మా డ్రమ్ములకూ కట్టమని నా చేతిలో పెట్టింది. వద్దనలేకపోయాను. వారం వారం వాటిని విప్పి, డ్రమ్ములు తోమి బోర్లించి, ఆ గుడ్డలు ఉతికి తీగ మీద ఆరేసేది.

ఇప్పుడు తిప్పగానే నీళ్లొస్తున్నాయి, బాల్కనీలో డ్రమ్ము పాత అలవాటు కొద్దీ ఉండిపోయిందంతే. నల్లా కోసం పొద్దున్నే లేచే పని లేదు, ఆ కేకలూ లేవు, అక్క వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. నల్లా జ్వరమంటే నవ్వడానికైనా ఎవరికీ అర్థం కాదు. పక్క బాల్కనీలో ఎవరివో పసిబిడ్డ గుడ్డలు ఆరుతుంటే మాత్రం, నాకు ముందు గుర్తొచ్చేది బిడ్డ కాదు, డ్రమ్ములు.