అమ్మ ప్రకటించిన బందు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా ఇంట్లో బందులు ప్రకటించింది మా అమ్మే. వార్తలు వస్తే ఛానల్ మార్చే మనిషి, రొమ్ములో గడ్డ తీయించుకుని ఇంటికొచ్చాక పొద్దున్నే టీవీకి అతుక్కుపోయేది. ఎల్బీనగర్ దవాఖానలో చూపించుకోవాల్సిన రోజు రాగానే, "ఇయ్యాల బందంట బిడ్డా, బస్సులు నడువయి" అనేది.

మొదటి రెండుసార్లు నిజమే. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద జెండాలు తప్ప బండ్లు లేవు. నేనూ ఆఫీసు ఎగ్గొట్టి, ఊరేగింపులో గొంతు పోయేలా అరిచి వచ్చాను.

ఆ మర్నాడు అమ్మకు వీపు రుద్దుతుంటే కనబడింది. చంక కింద, కుట్ల పక్కన పిడికిలంత ఉబ్బు. అమ్మ గబుక్కున తువ్వాల కప్పుకుంది. నల్గొండ దగ్గర ఊళ్లో మా పెద్దమ్మకు గడ్డ తీశాక మళ్లీ వచ్చింది, ఆమె బతకలేదు. అది ఇద్దరికీ గుర్తొచ్చింది. నేను చెంబెడు నీళ్లు వీపు మీద పోసి బయటికి వచ్చేశాను.

మూడోసారి అమ్మ బందు అన్నప్పుడు టీవీ కట్టేసే ఉంది. కిటికీ కింద బస్సు హారన్ మోగుతోంది.

"సరే, ఎల్లుండి పోదాం" అన్నాను.

ఎల్లుండికి ఉబ్బు ఇంకా పెరిగి, అమ్మ చెయ్యి ఎత్తలేకపోయింది. ఇక ఆటో మాట్లాడాను. దారి పొడుగునా అమ్మ ఆ చేతిని ఒళ్లో పట్టుకునే కూర్చుంది. డాక్టరమ్మది కోస్తా వైపు. నొక్కి చూసి, సూది గుచ్చి లాగింది. సిరంజి నిండా పసుప్పచ్చటి నీరు, కాస్త నెత్తురు కలిసి.

"గడ్డ కాదండీ. అది తీసిన చోట ఖాళీలో నీళ్లు చేరాయి, అంతే. చాలామందికి చేరతాయి. ఇంత పెరిగేదాకా ఎందుకాగారు?"

"బందులు గదమ్మా" అంది అమ్మ.

తిరుగు ఆటోలో నాకు ఏడుపు ఆగలేదు. ప్రాణం లేచి వచ్చింది, దాంతోపాటే సిగ్గూ వచ్చింది. అమ్మ కంట తడి లేదు. చైతన్యపురి దగ్గర ఆటో ఆగినప్పుడు నా వైపు తిరిగింది.

"మొన్న బస్సులు నడిచినయ్. హారన్ నువ్వు గూడ ఇన్నవ్. నేనైతే భయపడ్డ. నువ్వెందుకు ఊకున్నవ్ బిడ్డా?"