మూడో మానిటర్

మా ఇంట్లో దసరా వస్తే మా ఆయన ఆఫీసు గదంతా హాల్లోకి వచ్చేది. ఆయుధపూజ కదా మరి. లాప్‌టాప్, రెండు మానిటర్లు, వాటిని లాప్‌టాప్‌కు కలిపే డాక్ అనే చిన్న నల్ల డబ్బా, అన్నిటికీ తీగలు పీకేసి పీట మీదికి చేర్చేవాళ్లం. అత్తమ్మ ఒక్కోదానికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూలు పెట్టేది. నా లాప్‌టాప్, మానిటర్ మాత్రం వంటింటి పక్కన నా బల్ల మీదే ఉండేవి. అవి కూడా తేనా అని ఒక ఏడు అత్తమ్మను అడిగాను.

"నీది ఇంట్ల కూసొని చేసుకునే పనే గద బిడ్డ, ఉండనియ్యి" అంది.

ఆమె కొడుకు చేసేదీ ఇంట్లో కూర్చునే. ఆ మాట నోటిదాకా వచ్చింది. పండగపూట ఎందుకులే అని బంతిపూలు అందించాను.

నా పని మెడికల్ కోడింగ్. పెళ్లికి ముందు చేవెళ్లలో ఒక దవాఖానలో రికార్డులు చూసేదాన్ని. పిల్లలు పుట్టాక మానేసి, మొయినాబాద్‌లో ఈ ఇంట్లోకి వచ్చాక నానా తంటాలు పడి మళ్లీ నేర్చుకుని, కాంట్రాక్టు మీద సంపాదించుకున్న ఉద్యోగం అది. ఒక తెర మీద రోగి రికార్డు చదువుతూ, ఇంకో తెర మీద ఆ జబ్బుకూ చికిత్సకూ సరైన కోడ్ వెయ్యాలి. పండగ తర్వాత సోమవారం పొద్దున మాకు పరీక్ష. పాసైతే పర్మనెంట్, లేకపోతే కాంట్రాక్టు అక్కడితో సరి. ఆ నెలంతా నా బుర్రలో ఇంకో ఆలోచనే లేదు.

ఆ సోమవారమే మా ఆయన మానిటర్లు రెండూ మొరాయించాయి. "నో సిగ్నల్" అని చూపించడం, నల్లబడిపోవడం. ఇక ఇల్లు ఇల్లులా లేదు. తీగలు ఊడదీసి మళ్లీ పెట్టాడు. అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. రీస్టార్ట్ చేశాడు, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాడు. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే వాళ్లు అవే పనులు మొదటినుంచీ మళ్లీ చేయించారు. అత్తమ్మ దిష్టి తగిలిందంది. నేను గడపలో నిలబడి, ఆ డాక్ పక్కన పెట్టి ఒక మానిటర్‌ను నేరుగా లాప్‌టాప్‌కే తగిలించి చూడమన్నాను. నాకేం తెలియదని, అవతలికి పొమ్మని కసిరాడు.

నా పరీక్ష మొదలవుతుందనగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"నాకు కాల్ ఉన్నది. నీ మానిటర్ జర ఇయ్యి."

"నాకిప్పుడే పరీక్ష ఉన్నది" అన్నాను.

"ఎరుకే. నీకు లాప్‌టాప్ తెర ఉన్నది గద, సరిపోతది."

నేనింకో మాట అనేలోపే వంగి తీగ పీకేశాడు. నా మానిటర్‌ను నేరుగా తన లాప్‌టాప్‌కు తగిలించాడు. వెలిగింది. నేను చెప్పిన పనే అది. తన మానిటర్‌తో చేసినా వెలిగేదే.

ఆ చిన్న తెర మీద రికార్డు తెరిస్తే కోడ్‌లు వేసే పేజీ కనపడదు, అది తెరిస్తే రికార్డు మాయం. ఆపరేషన్ కుడికంటికా ఎడమకంటికా అని చదివి, అటు వెళ్లేసరికి మరిచిపోయి, మళ్లీ వెనక్కి. టైము అయిపోయేసరికి చివరి రికార్డులు తెరవనే లేదు. పక్కగదిలో ఆయన కాల్‌లో ఎవరితోనో నవ్వుతున్నాడు.

మధ్యాహ్నం ఆ డాక్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. రంధ్రాలున్న వైపే దాని ముఖం అనుకున్నట్టుంది అత్తమ్మ, సరిగ్గా అక్కడే బొట్టు పెట్టింది. లాప్‌టాప్ నుంచి వచ్చే తీగ దూర్చే రంధ్రంలో పసుపు ఎండి గట్టిపడింది. ఈయన తీగ నొక్కినకొద్దీ ఇంకా లోపలికి కూరుకుపోయింది. సన్నటి పుల్లతో గీకి, దులిపి, తీగ పెట్టాను. రెండు మానిటర్లూ వెలిగాయి. ఆయన అమ్మయ్య అనుకున్నాడు. అత్తమ్మ దేవుడి దయ అంది. పసుపు సంగతి చెబితే, దేవుడి పసుపు చెడగొడుతుందా అని నన్నే ఎగాదిగా చూసింది. నా మానిటర్ తీసుకోబోతే, రెండ్రోజులు ఉండనిమ్మన్నాడు.

ఆ వారంలోనే రిజల్టు వచ్చింది. తప్పాను. ఆయన గది గుమ్మంలో నిలబడి చెప్పాను, ఉద్యోగం పోయిందని.

తల తిప్పలేదు. "పోనీ తియ్. పిల్లలను చూసుకుంట ఇంటిపట్టున ఉంటవు" అన్నాడు. వెంటనే, "గిప్పుడు నీకా మానిటర్‌తోని పని లేదు గద. మూడు కలిపి పెడితే ఒకటి వస్తలేదు, జర చూస్తవా?" అన్నాడు.

ఒళ్లు మండుతూనే ఉంది. అయినా వంగి చూశాను, ఆ ఇంట్లో అది చేతనైంది నాకొక్కదానికే. తీగ మార్చి, సెట్టింగుల్లోకి వెళ్లి సరిచేశాను. మూడూ వెలిగాయి.

కాస్త జరగమన్నాడు. కాల్ ఉందట.