ఎలుక కొరికిన స్వెటర్

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాస్తే పోయేది నా పరువే. మా పక్కింటాయన పోయి పదిహేను రోజులైంది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆసుపత్రికి నడిచే వెళ్లాడు. మూడో రోజు ఫోన్ మాత్రం వచ్చింది.

ముప్పై ఏళ్లు ఇద్దరం సూరత్‌లో ఒకే బట్టల కార్ఖానాలో ఉన్నాం. ఆయన సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. దిగిన తాన్లలో తప్పులు పట్టడం నా పని. బడి మొహం చూడని నాకు చదువు వచ్చింది కూడా తాన్లకు చుట్టిన పాత పేపర్ల ముక్కలతోనే. అందుకే ఏ వార్తా నాకు చివరిదాకా తెలియదు. అదలా ఉంచండి. ఆయన తానులో నేను తప్పు పట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "దారం తెగితే తప్పు దారానిది గాదన్నా, చెయ్యిది," అనేవాడు.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగాయి. ఆయన భార్యకు జ్వరం తగ్గినా చలి తగ్గలేదు. ఆ ఊరి ఎండలో దుప్పటి కప్పుకుని కూర్చునేది. ఈయన రెండు సైకిల్ పుల్లలు నున్నగా అరగదీసి, పాత శాలువా విప్పిన ఊలుతో స్వెటర్ మొదలుపెట్టాడు. అల్లిక ఎప్పుడో కార్ఖానా కాపలాదారు నేర్పాడట.

"ఏంది తమ్మీ, మీటర్లకు మీటర్లు దింపెటోనివి, గిప్పుడు దినమంత గూసుంటె జానెడా?" అన్నాను, గల్లీ అంతా వినేలా.

"సాంచా సేటు కోసం నడుస్తదన్నా. గిది నా ఇంటిదానికి," అన్నాడు తల ఎత్తకుండా.

చేతులు తప్ప అంతా అయ్యాక నాకు చూపించాడు. వీపు మీద ఒక ముడి తేలి కనిపించింది. తానులో ముడి కనబడితే కత్తిరించడం నా చేతికి అలవాటు. నేసిన బట్టకు ఏమీ కాదు. జేబులోని చిన్న కత్తెర తీసి టక్కున కోసేశాను. అల్లిన బట్ట వేరు. ఆయన ఎత్తి దులిపేసరికి కుట్లు జారి వీపు మధ్య అరచెయ్యంత బొక్క పడింది.

నేను కత్తెర జేబులో దాచేశాను.

"ఏమైంది?" అంది ఆమె లోపలినుంచి.

"ఎలుక కొరికిందే," అన్నాడు, నా వైపు చూడకుండా.

సాయంత్రానికి విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. ఇంతలో సాంచాలు నడవడంతో తీరిక లేక ఒక చెయ్యి మిగిలిపోయింది. నేను ఏడాదంతా ఆయనకు చాయ్‌లు తాగించాను గానీ, తప్పయిందని ఒక్క ముక్క అనలేదు.

మొన్న ఆమె దగ్గరికి వెళ్లాను. ఒక చెయ్యి లేని ఆ స్వెటర్ తొడుక్కునే ఉంది.

"చెల్లే, ఎలుక గాదు. నా కత్తెర."

"ఎర్కేనన్నా. ఎలుక కొరికితే పోగు పీచుపీచైతది. గది సాపుగ తెగింది. నేను గూడ సాంచలోళ్ల బిడ్డనే. నువ్వే జెప్తవని జూసిన. ఆయన గూడ జూసిండు."

బయట నల్లాలో నీళ్లు వచ్చాయని ఎవరో కేకేశారు. ఆమె ఒక బిందె తీసుకుంది. రెండోది నేను తీసుకున్నాను.